దాత నోటి మాటయే మొదటి పరీక్ష

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున తలపెట్టిన రక్తదాన శిబిరములకు ముందు సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి, యవనస్థుల సమాజముల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలము నూరేండ్లు పూర్తిచేసికొనినందుకు దేవునికి కృతజ్ఞత చెల్లించుటకై అనేక కార్యక్రమములు పెట్టుకొన్నాము. ఊరేగింపులున్నవి, గాయక బృందముల పోటీలున్నవి, పాత గుడులకు మరమ్మతులున్నవి. వాటితోపాటు ప్రతి పాస్టరేటులోను ఒక రక్తదాన శిబిరము జరుపవలెనని శతాబ్ది కమిటీవారు తీర్మానించినారు. ఇది సంతోషింపదగిన తీర్మానము. మన పెద్దలు మనకు బడులు, ఆసుపత్రులు, గుడులు ఇచ్చిపోయినారు. మన తరమువారు ఏమి ఇత్తురని అడిగినప్పుడు, మన ఒంటిలో పారుచున్న దానినే ఇత్తుమని చెప్పుట ఎంతైనా తగియున్నది.

అయితే ఇచ్చుట ఒక ఎత్తు, పుచ్చుకొనువారికి మేలు కలుగునట్లు ఇచ్చుట మరొక ఎత్తు. ఈ రెండవ దానినిగూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మేము ఈనాడు మీ ఎదుట నిలిచినాము. మన దేశములో దాత ఇచ్చిన ప్రతి సంచి రక్తమును రోగికి ఎక్కించకముందు ఐదు వ్యాధులకు పరీక్షించవలెనని చట్టము ఆజ్ఞాపించుచున్నది. అవి హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా. మొదటి నాలుగింటి పేరు వినగానే మనము ఉలిక్కిపడుదుము. ఐదవదాని పేరు వినినప్పుడు, "ఓస్, చలిజ్వరమేనా" అని తేలికగా తీసివేయుదుము. మేము మాటలాడనున్నది ఆ ఐదవదానిని గురించియే.

చలిజ్వరము మనకు పాత పరిచయము

ఈ జ్వరము మన నేలకు క్రొత్తది కాదు. గోదావరి ఏజెన్సీలోను, విశాఖ మన్యములోను సువార్త పనికి వెళ్లిన పాస్టర్లలోను, ఉపదేశకులలోను, బైబిలు స్త్రీలలోను దీని రుచి చూడనివారు అరుదు. మన్యపు జ్వరమనియు, చలిజ్వరమనియు, దినము మార్చి దినము వచ్చు జ్వరమనియు మన పెద్దలు దీనికి పేర్లు పెట్టుకొన్నారు. చెడు గాలి వలన వచ్చుననియు, చెడు నీటివలన వచ్చుననియు చాల కాలము అనుకొన్నారు.

1880లో అల్జీరియా దేశములో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు జ్వరపడిన ఒక సైనికుని రక్తములో ఈ వ్యాధి క్రిమిని మొదటిసారి చూచెను. అది ఒకరినుండి ఒకరికి ఎట్లు చేరునను సంగతి మాత్రము తెలియలేదు. ఆ ముడి విప్పినది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన డాక్టరు రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుట కనుగొనెను. అందుకు ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చెను. ఆ దోమలకు తన రక్తము త్రాగనిచ్చినవాడు హుసేన్ ఖాన్ అను రోగి. దోమకొక అణా చొప్పున ఆయనకు ముట్టినది. బహుమతి వైద్యునికి వచ్చినను, ఆ రోగి రక్తము లేనిదే ఆ పని సాగియుండెడిది కాదు. ఈ మాటను మన శిబిరమునకు వచ్చు ప్రతి దాతయు మనసులో పెట్టుకొనవచ్చును.

తరువాత కథ మీలో పెద్దవారికి తెలియును. 1953లో దేశమంతట మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలయ్యెను. 1958లో దానిని నిర్మూలన కార్యక్రమముగా మార్చిరి. ఇంటింటికి డి.డి.టి. చల్లిరి. 1961 నాటికి దేశములో కేసులు సుమారు 50 వేలకు దిగెను. ఇక పోయినదనుకొని చేయి సడలించగా, 1976లో 64 లక్షలకు పైగా కేసులు వచ్చెను. మరల పట్టుదలతో చేసిన పనివలన 2023లో సుమారు 2 లక్షల 27 వేల కేసులు మాత్రమే నమోదైనవి. 2030 నాటికి దేశమునుండి దీనిని తొలగించవలెనని ప్రభుత్వము పూనుకొన్నది. కాబట్టి చలిజ్వరము తగ్గుచున్న మాట వాస్తవము. కాని ఇంకను పోలేదు. పోయినదని అనుకొన్నప్పుడెల్ల అది తిరిగి వచ్చినది.

దోమ లేకుండ వచ్చు మలేరియా

దోమ కుట్టినప్పుడు మలేరియా క్రిములు మొదట కాలేయములో ప్రవేశించి అక్కడ పెరుగును. ఆ తరువాత రక్తములోనికి వచ్చి ఎర్ర కణములలో దూరి, వాటిని తిని, పగులగొట్టి, మరికొన్ని కణములలో దూరును. కణములు పగులునప్పుడు చలి, వణకు, జ్వరము, చెమట వచ్చును. మన దేశములో ముఖ్యముగా కనిపించునవి రెండు రకములు. వైవాక్స్ ఒకటి, ఫాల్సిపారం రెండవది. ఫాల్సిపారం మెదడునకు, మూత్రపిండములకు ఎక్కి ప్రాణము తీయగలదు.

ఇప్పుడు ఆలోచించుడి. క్రిమి ఉన్నది ఎర్ర కణములలో. రక్తదానములో మనము సంచిలోనికి ఇచ్చునది ఆ ఎర్ర కణములనే. దాత రక్తములో క్రిమి ఉన్నయెడల దోమతో పనిలేకుండ అది నేరుగా రోగి నరములోనికి పోవును. ఈ విధముగా మలేరియా సోకవచ్చునని 1911లోనే వైద్యులు వ్రాసియున్నారు. అంటే రక్తము ఎక్కించుట ఇంకను బాల్యదశలో ఉన్ననాడే ఈ సంగతి తెలిసినది.

"రక్తమును ఫ్రిజ్జులో పెట్టుదురు గదా, క్రిమి చావదా?" అని కొందరు అడుగుదురు. రక్తనిధిలో ఎర్ర కణములను 2 నుండి 6 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో ఉంచి, కలిపిన ద్రావకమునుబట్టి 35 లేక 42 దినముల వరకు వాడుదురు. రక్తకణములను బ్రదికించు ఆ చల్లదనమే వాటిలో దాగిన క్రిమిని కూడ కొన్నాళ్లు బ్రదికించును. వారము దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు అది నిలిచియుండును. ప్లేట్‌లెట్లనైతే 20 నుండి 24 డిగ్రీల వద్దనే ఉంచుదురు. వాటిలో కొద్దిపాటి ఎర్ర కణములు కలిసియున్నను ప్రమాదము ఉన్నట్లే.

ఆ రక్తము ఎవరికి ఎక్కును? కాన్పులో రక్తము పోయిన బాలింతకు, ఆపరేషను బల్లమీద ఉన్నవానికి, ప్రమాదములో నలిగినవానికి, రెండు మూడు వారములకొకసారి రక్తము ఎక్కించుకొననిదే బ్రదుకలేని థలసీమియా బిడ్డకు. బలముగా ఉన్నవాడు చలిజ్వరమునకు రెండు దినములు పడుకొని లేచునేమో. వీరు అప్పటికే సోలియున్నవారు. పైగా రక్తము ఎక్కించిన కొన్ని దినములకు జ్వరము వచ్చినయెడల, ఆపరేషను కుట్టు చీము పట్టినదేమో, బాలింత జ్వరమేమో అని వేరు కారణములు వెదకుచు కాలము గడిచిపోవును. మలేరియా అని ఎవరికిని తట్టదు.

ఇందులో ఒక ఓదార్పు కలదు. రక్తము ద్వారా వచ్చిన క్రిమి కాలేయములో దాగదు గనుక, కనుగొని మందిచ్చినచో పూర్తిగా నయమగును. పోగొట్టుకొనుట ఎక్కడ జరుగుచున్నదంటే, కనుగొనుటలోని ఆలస్యములో.

పరీక్ష చేయుదురు గదా?

చేయుదురు. రక్తనిధిలో పనిచేయు టెక్నీషియన్లు చేయుచున్న పని గొప్పది. దానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని ఆ పరీక్ష ఎంతవరకు చూడగలదో, ఎక్కడ దాని చూపు ఆగునో మనము తెలిసికొనవలెను.

పాత పద్ధతి రక్తపూత. ఒక గాజు పలకమీద చుక్క రక్తమును మందముగాను, పలుచగాను పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూచుట. మన దేశములో ఇందుకు వాడు రంగులలో ఒకటి జె.ఎస్.బి. రంగు. 1944లో దానిని తయారుచేసిన జస్వంత్ సింగ్, భట్టాచార్జి అను మన దేశపు శాస్త్రజ్ఞుల పేర్లమీదనే అది పిలువబడుచున్నది. క్రొత్త పద్ధతి రాపిడ్ కార్డు. ఒక చుక్క రక్తము వేసి పావుగంటలో గీత పడినదా లేదా అని చూడవచ్చును. ఎలిసా యంత్రముతో చేయు పరీక్షలు కూడ ఉన్నవి.

ఒక చిన్న లెక్క చెప్పెదము. బడిపిల్లలు సైతము చేయగల లెక్క. ఒక మిల్లీలీటరులో వెయ్యవ వంతును మైక్రోలీటరు అందురు. టెక్నీషియను రక్తపూతలో ఓపికగా వెదకి చూచు రక్తము మొత్తము ఒక మైక్రోలీటరు కంటె తక్కువే. దాత ఇచ్చు సంచి 350 మిల్లీలీటర్లు, అంటే 3 లక్షల 50 వేల మైక్రోలీటర్లు. దాత రక్తములో పది మైక్రోలీటర్లకు ఒక్క క్రిమి చొప్పున ఉన్నదనుకొనుడి. పూతలో ఒక్కటియు కనబడకపోవుటే ఎక్కువ. రాపిడ్ కార్డు పట్టుటకైతే ఒక్క మైక్రోలీటరుకే సుమారు నూరు క్రిములుండవలెను. అక్కడ గీత పడదు. పరీక్షలో "లేదు" అని వచ్చును. కాని ఆ సంచిలో 35 వేల క్రిములు ఉన్నవి! టెక్నీషియను తప్పు చేయలేదు. కార్డు చెడిపోలేదు. సముద్రములో చెంబెడు నీళ్లు ముంచి చేప లేదనుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

జ్వరముతో మంచమెక్కినవాని రక్తములో క్రిములు వేలకొలది ఉండును, పరీక్షకు దొరకును. శిబిరమునకు వచ్చువాడు మంచమెక్కినవాడు కాడు. నవ్వుచు, నడచుచు వచ్చినవాడు. మలేరియా ఎక్కువగా ఉన్న తావులలో చిన్ననాటినుండి పెరిగినవారికి శరీరము అలవాటుపడి, క్రిములు కొద్దిగా ఉన్నను జ్వరము రాకపోవచ్చును. వైవాక్స్ క్రిమి కాలేయములో నిద్రపోయి నెలల తరువాత లేచి రావచ్చును. మలేరియే అను అరుదైన మరియొక రకము కొందరి రక్తములో పదుల సంవత్సరములు కొద్దిపాటిగా నిలిచియున్న సంగతి వైద్యులు ఎరుగుదురు.

ఇతర దేశములవారు ఏమి చేయుచున్నారని మీరు అడుగవచ్చును. మలేరియా లేని దేశములలో, మలేరియా ఉన్న దేశములనుండి వచ్చినవారిని కొంతకాలము రక్తము ఇవ్వనీయరు. చదువులకు, ఉద్యోగములకు అమెరికా వెళ్లిన మన పిల్లలలో కొందరు అక్కడ రక్తమియ్యబోయి, ఈ కారణముచేతనే వెనుకకు పంపబడి ఆశ్చర్యపడినారు. బ్రిటనులో ప్రయాణికుల రక్తమునకు ప్రత్యేకమైన ప్రతిరక్షక పరీక్ష చేయుదురు. క్రిమి జన్యు పదార్థమునే పట్టుకొను అతి సూక్ష్మమైన పరీక్ష ఒకదానికి 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి నిచ్చినది. మన దేశములో మలేరియా ఉన్న జిల్లాలవారినందరిని కాదన్నచో, ఆ జిల్లాలలోని రోగులకు రక్తము ఇచ్చువారే ఉండరు. అంత ఖరీదైన పరీక్షను ప్రతి ఊరి రక్తనిధిలో ప్రతి సంచికి చేయుట సులభమైన పని కాదు. కనుక మన మధ్య ఆ వెలితిని పూరింపవలసినది మరియొకటి ఉన్నది. అది దాత చెప్పు మాట.

బల్లయొద్ద అడుగు ప్రశ్న

రక్తము తీయకముందు ఒక బల్లయొద్ద కూర్చుండబెట్టి ఫారము నింపింతురు. వయస్సు 18 నుండి 65 లోపు ఉన్నదా, బరువు 45 కిలోలకు తక్కువ కాకుండ ఉన్నదా, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నదా, పురుషులైతే మునుపు ఇచ్చి 90 దినములు, స్త్రీలైతే 120 దినములు గడిచినవా అని చూతురు. వీటిలో చాలవాటిని కాటా చెప్పును, రక్తపు చుక్క చెప్పును. కాని "ఈ మధ్య మీకు చలిజ్వరము వచ్చినదా? మలేరియా మందు వాడినారా? ఎప్పుడు?" అను ప్రశ్నకు జవాబు చెప్పు యంత్రము లేదు. దాత నోరు ఒక్కటే చెప్పవలెను. మలేరియా వచ్చినవారు పూర్తిగా నయమైన తరువాత మూడు నెలలు గడిచువరకు రక్తము ఇయ్యరాదని మన దేశములో నియమము. మూడు నెలలు అనునది పెద్ద గడువు కాదు. ఒక సంక్రాంతికి కాదన్నవాడు ఈస్టరు పండుగ దాటిన తరువాత వచ్చి ఇయ్యవచ్చును.

ఇంత చిన్న ప్రశ్నకు మనవారు ఎందుకు నిజము చెప్పరు? మాకు తెలిసినంతవరకు కారణములు నాలుగు. మొదటిది, మరచిపోవుట: పనిమీద ఏజెన్సీకి పోయి, అక్కడ ఆర్.ఎం.పి. వద్ద ఏవో మాత్రలు మ్రింగి, అది మలేరియాయని కూడ తెలియక తిరిగి వచ్చుట. రెండవది, సిగ్గు: పదిమంది స్నేహితులతో వచ్చి తానొక్కడే వెనుకకు పోవుట చిన్నతనమని తలంచుట. మూడవది, వత్తిడి: తనవారే ఆసుపత్రిలో ఉండి, యూనిట్టు తెచ్చుకొనుడని అక్కడివారు చెప్పినప్పుడు, ఎవరు దొరికితే వారిని బల్లయొద్దకు నెట్టుట. నాలుగవది మాత్రము గతించిన కథ. డబ్బుకు రక్తము అమ్ముకొనువారు ఏ ప్రశ్నకైనను "లేదు, లేదు" అనియే చెప్పెడివారు. 1996లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ఫలితముగా 1998 జనవరి 1వ తేదీనుండి దేశములో రక్తము అమ్ముట ఆగిపోవలెనని నిర్ణయమైనది. ఆ తీర్పు వెనుకనున్న భావము ఒక్కటే: రక్తము ఇచ్చువానికి అబద్ధమాడవలసిన అవసరము ఉండరాదు.

డబ్బు పోయినది గాని సిగ్గు, వత్తిడి మన మధ్యనే ఉన్నవి. మేము సేవ చేసిన ఒక పాస్టరేటులో ఒక యవనస్థుడుండెను. ఏజెన్సీలో రోడ్డు పనికి వెళ్లి వచ్చినవాడు. అతని చెల్లెలు కాన్పునకు పట్నపు ఆసుపత్రిలో చేరినది. రక్తము కావలెనన్నారు. ఇతడే ముందు వెళ్లినాడు. బల్లయొద్ద అడుగగా, "నెల క్రితం చలిజ్వరం వచ్చిందండి, మాత్రలు వేసుకున్నాను" అని చెప్పినాడు. వారు మర్యాదగా వెనుకకు పంపినారు. బయట కూర్చున్న ఆ పిల్ల అత్తగారు, "తోడబుట్టినదానికి ఇంత రక్తం ఇయ్యటానికి భయమేసి జ్వరం పేరు చెప్పాడు" అని పదిమందిలో అన్నది. ఆ మాట ఊరంతయు పాకినది. అతడు రెండు ఆదివారములు గుడికి రాలేదు. స్త్రీల మైత్రిలోని ఒక పంతులమ్మ గారు ఆ రాత్రియే బస్సెక్కి వెళ్లి రక్తమిచ్చినారు. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇంటికి వచ్చినారు. ఆ పంతులమ్మ గారినే వెంటబెట్టుకొని మేము ఆ అత్తగారి ఇంటికి వెళ్లినాము. "అమ్మా, ఆ రోజు ఆ కుర్రాడు నోరు మూసుకుని చెయ్యి చాపితే మీ కోడలికి మంచం మీద ఇంకో జబ్బు తోడయ్యేది. మీ ఇంటికి ముందు మేలు చేసినవాడు అతనే. నేను ఇచ్చింది తరవాత" అని ఆమెయే చెప్పినారు. మరుసటి ఆదివారము అత్తగారు తానే అతనిని పిలిచికొని వచ్చి గుడిలో ముందు వరుసలో కూర్చుండబెట్టినది.

సత్యముతో కూడిన అర్పణ

రక్తమునకును ప్రాణమునకును గల సంబంధమును లేవీయకాండము పదునేడవ అధ్యాయము మనకు చూపుచున్నది. మన రక్షణయే ఒక రక్తముచేత కొనబడినదని నమ్మువారము మనము. అట్టివారము రక్తమును లెక్కలేని వస్తువుగా ఇయ్యరాదు.

అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయములోని అననీయ సప్పీరాల వృత్తాంతము మీరెరుగుదురు. వారు ఇయ్యనివారు కారు. పొలము అమ్మి తెచ్చినవారు. తక్కువ తెచ్చినారని పేతురు వారిని తప్పు పట్టలేదు. అమ్మకముందు ఆ పొలము వారిదే, అమ్మిన తరువాత ఆ వెలయు వారి చేతిలోనిదేయని స్పష్టముగా చెప్పినాడు. దోషమెక్కడంటే, కొంత దాచి అంతయు ఇచ్చితిమని చెప్పుటలో. ఇయ్యకపోవుట వారికి నేరము కాకపోయెను. దాచి ఇచ్చుట నేరమాయెను. జ్వరము సంగతి దాచి చేయి చాపువాడు ఈ వృత్తాంతమును ఒకసారి చదువుకొనుట మంచిది. మేము ఎవరిని భయపెట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. సంఘమునకు చూపుటకై ఇచ్చు కానుకలో అబద్ధము దూరుట ఎంత సులభమో చూపుటకు చెప్పుచున్నాము.

కొండమీది ప్రసంగములో ప్రభువు చెప్పిన మరియొక సంగతి కలదు. బలిపీఠమునొద్దకు కానుక తెచ్చినవానికి సహోదరునితోనున్న తగవు జ్ఞాపకము వచ్చినయెడల, కానుకను అక్కడనే ఉంచి, ముందు వెళ్లి సమాధానపడి, తరువాత రమ్మన్నాడు. అనగా అర్పణ ఆగుటలో అవమానము లేదు. పొరుగువాని క్షేమము కొరకు అర్పణను ఆపుకొనుట కూడ ఆరాధనలో భాగమే. మూడు నెలలు ఆగుమని వైద్యులు చెప్పినప్పుడు ఆ ఆగుటయే ఆ దినమునకు మీ కానుక. మనసులో సిద్ధపాటు ఉన్నచో, మనిషికి కలిగినదానినిబట్టియే దేవుడు అంగీకరించునని పౌలు కూడ కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో బోధించెను.

జ్వరపడుట పాపము కాదు. పేతురు అత్త జ్వరముతో పడియుండగా ప్రభువు ఆమెను కసరలేదు, చేయిపట్టి లేవనెత్తెను. ఆమె లేచి వారికి పరిచర్య చేసెను. ఏజెన్సీనుండి వచ్చిన మన గిరిజన సహోదరులను, మిరపకోతలకు పొరుగు రాష్ట్రములనుండి వచ్చు కూలివారిని చూచి, వీరి రక్తము చెడ్డదని ఎవడైనను అనినయెడల అది సంఘములో పలుకవలసిన మాట కాదు. ఎవరి రక్తమును జాతినిబట్టి చెడ్డది కాదు. అడుగవలసినది జ్వరమునుగూర్చియే, అందరిని సమానముగా అడుగవలెను.

మన శిబిరములలో చేయవలసినవి

ఇంతవరకు చెప్పినదంతయు వట్టి మాటలుగా పోకూడదు. కనుక కొన్ని సంగతులు పాస్టరేటు కమిటీలవారు తీర్మానముగా వ్రాసికొనవలెనని కోరుచున్నాము.

మొదటిది, లెక్కల పోటీ వద్దు. నూరేండ్లకు నూరు యూనిట్లని పెద్ద బ్యానరు కట్టినచో, ఆ నూరు నిండించుటకు ఎవరినో ఒకరిని బ్రతిమాలుదుము. బ్రతిమాలబడినవాడు ప్రశ్నకు సరిగా జవాబు చెప్పడు. ఏ పాస్టరేటు ఎన్ని ఇచ్చినదని వేదికమీద చదువవద్దు. వచ్చినవి అరువదియైతే అరువదియే దేవునికి స్తోత్రము.

రెండవది, ప్రశ్నలు అడుగు బల్ల చాటున ఉండవలెను. పాస్టరుగాని, సంఘ పెద్దగాని, కాబోయే మామగాని ప్రక్కన నిలువరాదు. డాక్టరు, దాత ఇద్దరే మాటలాడుకొనవలెను.

మూడవది, వెనుకకు పంపబడినవారిని ఎందుకని అడుగరాదు. వారి పేర్లు చదువరాదు. మిగిలినవారితోపాటు వారికి కూడ పండ్లరసము ఇయ్యుడి. దాతలకు విశ్రాంతి మంచము చూపు పని, పేర్లు వ్రాయు పని వారికి అప్పగించుడి. గడువు దాటిన తరువాత ఏ తేదీకి రావలెనో వ్రాసియిచ్చి, ఆ తేదీని యవనస్థుల కార్యదర్శి గుర్తుపెట్టుకొని పిలువవలెను.

నాలుగవది, శిబిరమునకు ముందు రెండు ఆదివారములు ప్రకటన చేయవలెను: మూడు నెలలలోపు మలేరియా వచ్చినవారు, ఏదో చలిజ్వరమునకు మందు మ్రింగినవారు ఆ సంగతి తప్పక చెప్పవలెనని. ఇంటిలో తల్లులు ఈ విషయములో మంచి జ్ఞాపకము కలవారు. బిడ్డ ఏ నెలలో పడుకొన్నాడో వాడు మరచినను తల్లి మరువదు.

అయిదవది, రక్తమిచ్చిన తరువాత కొద్ది దినములలో జ్వరము వచ్చినచో వెంటనే రక్తనిధికి ఫోను చేయవలెను. సంచి ఇంకను అక్కడనే ఉన్నయెడల తీసివేయుదురు. ఎవరికైన ఎక్కించియున్నయెడల ఆ రోగిని కనిపెట్టి చూతురు. ఇచ్చినంతటితో దాత బాధ్యత తీరలేదు.

ఆరవది రోగి బంధువులకు. మీ ఇంటిలో ఎవరికైన రక్తము ఎక్కించిన తరువాత కొన్ని వారములలో జ్వరము వచ్చినచో, ఏ డాక్టరు వద్దకు పోయినను "ఫలానా తేదీన రక్తము ఎక్కించినారు" అను మాట ముందుగా చెప్పుడి. ఆ ఒక్క మాటతో ఒక రక్తపూత తీయింతురు, ఒక ప్రాణము నిలుచును.

చివరిది, మలేరియా వచ్చినవారు మందు పూర్తిగా వాడవలెను. వైవాక్స్ రకమునకు మూడు దినముల మాత్రలతోపాటు, కాలేయములో దాగిన క్రిమిని చంపుటకు వైద్యుని సలహామీద 14 దినములు మరియొక మాత్ర ఇత్తురు. జ్వరము మూడవనాడే దిగిపోవును గనుక మనవారు నాలుగవనాడు మాత్రలను గూటిలో పెట్టి మరచిపోవుదురు. గూటిలో మిగిలిన ఆ మాత్రలే రేపు మరియొకరి సంచిలోనికి క్రిమిని పంపును. గుడి ఆవరణలో పాత టైర్లు, పగిలిన కుండలు, మూతలేని తొట్లు లేకుండ చూచుట, దోమతెర కట్టుకొని పడుకొనుట కూడ ఈ సేవలో భాగములే.

ప్రియులారా, రక్తమిచ్చువాడు ఆ రక్తము ఎవరికి చేరునో చూడడు. పుచ్చుకొనువాడు ఇచ్చినవాని ముఖము ఎరుగడు. వారిద్దరి మధ్య నున్నది ఒక సంచి, దానిమీద ఒక నంబరు. ఆ నంబరు వెనుక ఒక మనిషి నిజము చెప్పియున్నాడని నమ్మి తల్లి తన బిడ్డ చేతిని సూదికి చాపుచున్నది. ఆమె నమ్మకము వ్యర్థము కాకుండ చూచుకొనుట మన సంఘముల పని. రానున్న వారములలో మీరు బల్లయొద్ద కూర్చుండినప్పుడు, అడిగినదానికి ఉన్నది ఉన్నట్లు చెప్పుడి. ఇమ్మన్నచో సంతోషముగా ఇయ్యుడి. ఆగుమన్నచో సంతోషముగా ఆగుడి. ఇచ్చినవారిని, ఆగినవారిని, ఆ రక్తమును పొందు మనమెరుగని వారిని దేవుడు దీవించునుగాక. ఆమేన్.